మొదటి చేట బడికి

ఇందుమూలంగా ఊళ్ళో ఉన్న ఆడా మగా, పిన్నా పెద్దా అందరికీ తెలియజేయడమేమనగా: నేటి నుంచి ఎవరైనా సరే చొక్కా పైగుండీ పెట్టుకోకుండా బడి ముందునుంచి నడిచిపోవచ్చును. బీడీ ఆర్పనక్కర లేదు. సైకిలు మీద ముగ్గురు ఎక్కవచ్చును. అరుగు మీద కూర్చుని పేపరు తలకిందులుగా పట్టుకుని చదివినట్టు నటించవచ్చును. బడి ఈడు పిల్లని వెంటబెట్టుకుని పగలు పదింటికి చేలోకి పోతున్నా, "ఏమయ్యా, ఈవేళ బడి లేదా?" అని అడిగేవారు లేరు. ఎందుకు లేరయ్యా అంటే, మా టీచరమ్మగారు మొన్న శుక్రవారం పొద్దున్నే చీరాలలో, తమ్ముడిగారింట్లో, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని, కుర్చీలో కూర్చున్నట్టే కన్నుమూశారు. కావున ప్రజలందరూ గమనించగలరు.

ఇది నేను మైకులో చెప్పాలనుకున్న ప్రకటన. మా ఊళ్ళో చాటింపు పని నాది. డప్పు రోజులు పోయాక ఒక మైకూ, ఒక పాత బ్యాటరీ సైకిలుకి కట్టుకుని ఇరవయ్యేళ్ళుగా వీధులు తిరుగుతున్నాను. పశువుల డాక్టరు వచ్చాడని, కాలవకి నీళ్ళు వదిలారని, ఫలానావారి గేదె తప్పిపోయిందని చెబుతాను. కబురు వచ్చినప్పుడు కూడా గేదె గురించే చెబుతున్నాను. సెల్లులో టీచరమ్మగారి తమ్ముడు రెండు ముక్కలు చెప్పాడు. ఆ రెండు ముక్కలే నేను మైకులో చెప్పగలిగాను. తర్వాత మైకు ఆపేశాను. వైరు తెగిందని అడిగినవాళ్ళకి చెప్పాను. వైరు బాగానే ఉంది.

నేను ఏడో తరగతితో చదువు మానేసినవాణ్ణి. నేను మానలేదని, చదువే నన్ను మానేసిందని మా ఆవిడ అంటుంది. ఇలాంటివాడు ఒక టీచరమ్మ గురించి రాయడానికి కూర్చున్నాడంటే తప్పులుంటాయి. ఉంటే ఆవిడే చుట్టేవారు. ఆ చుట్టడం సంగతి ముందు చెప్పాలి. పలక మీద గాని పుస్తకంలో గాని తప్పు కనపడితే ఆవిడ కొట్టేసేవారు కాదు. ఎర్ర సుద్దతోనో ఎర్ర సిరాతోనో దాని చుట్టూ గుండ్రంగా ఒక సున్నా చుట్టి ఊరుకునేవారు. తప్పేమిటో చెప్పేవారు కాదు. "చుట్టడం నా పని, దిద్దుకోవడం నీ పని," అనేవారు. మా ఊరి పిల్లలు ఆ ఎర్ర సున్నాని చూసి ఏడ్చినవాళ్ళు లేరు. ఎవరికి ఎక్కువ సున్నాలు వచ్చాయో లెక్కపెట్టుకుని, ఎవరివి ముందు మాయమవుతాయో పందెం వేసుకునేవాళ్ళు.

తొంభైలు ముగిసిపోతున్న రోజుల్లో ఆవిడ మా ఊరి బడికి వచ్చారు. రెండు గదులు, ఒక వరండా, అయిదు తరగతులు. ఆవిడ పెద్ద టీచరు, ఇంకో మాస్టారు రెండో టీచరు. రోజూ చీరాల నుంచి బస్సు ఆవిడని పర్చూరు దాటాక మెయిన్ రోడ్డు మీద దింపేది. అక్కణ్ణించి ఊళ్ళోకి కిలోమీటరున్నర నడక. వానాకాలం మా నల్లరేగడి చెప్పులకి పట్టుకుంటే ఒక్కో చెప్పూ రెండు కిలోలు తూగుతుంది. ఆవిడ చెప్పులు చేత పట్టుకుని, గొడుగు చంకలో పెట్టుకుని వచ్చేవారు. వాన పడుతున్నా గొడుగు చంకలోనే. ఎందుకండీ అది, పెళ్ళికూతురిలా దాచుకుంటారు అని ఒకసారి అడిగాను. "విప్పితే నాకు ఇళ్ళు కనపడవయ్యా. ఎవరి పిల్లలు ఏ అరుగు మీద ఉన్నారో ఎట్లా తెలుస్తుంది?" అన్నారు.

ఆవిడకీ నాకూ పరిచయం నా వెధవపనితోనే మొదలైంది. ఒక సోమవారం పొద్దున్నే నాకేం బుద్ధి పుట్టిందో, మైకు కట్టి ఊరంతా చాటాను: విద్యాశాఖవారి ఉత్తర్వుల ప్రకారం, గాలిలో మిరపఘాటు మితిమీరిన కారణంగా, ఈవేళ బడికి సెలవు. ఊళ్ళో ఒక్క పిల్ల బడికి పోలేదు. టీచరమ్మగారు బస్సు దిగి, నడిచి వచ్చి, ఖాళీ బడి చూసి, ఎవరినీ ఏమీ అడక్కుండా సరాసరి మా ఇంటికి వచ్చారు. నేను గోంగూర పచ్చడి కలుపుకుంటున్నాను.

"మైకు నువ్వేనా?"

"అవునండి."

"రేపు బడికి రా. పలక తెచ్చుకో."

అప్పటికి నాకు ముప్ఫై నాలుగేళ్ళు. పోనని భీష్మించుకున్నాను. మా ఆవిడ మర్నాడు పొద్దున మా అమ్మాయి పాత పలక కడిగి, బొగ్గు రుద్ది, తుడిచి నా చేతికిచ్చి తలుపేసుకుంది. నాలుగో తరగతి బెంచీ మీద కూర్చున్నాను. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. మూడో తరగతిలో ఉన్న మా అమ్మాయి నన్ను చూసి, మా నాన్న కాదన్నట్టు మొహం గోడవైపు తిప్పుకుంది. నిన్న మైకులో చెప్పిన ప్రకటన పలక మీద రాయమన్నారు. రాశాను. అయిదు సున్నాలు చుట్టారు. క్లాసంతా లేచి చూసింది. అయిదో సున్నా మాత్రం నాకు అర్థం కాలేదు. 'మిరపఘాటు' చుట్టూ చుట్టారు. అక్షరాలు బాగానే ఉన్నాయి కదండీ అన్నాను.

"అక్షరాలు బాగానే ఉన్నాయి, అబద్ధమే బాగాలేదు," అన్నారు. "ఈ నేల మీద మిరపఘాటుకి సెలవిస్తే ఏడాదిలో ఆర్నెల్లు సెలవే. పిల్లలు నమ్మారు గాని పెద్దవాళ్ళెవరైనా నమ్మారా? అబద్ధమైనా తప్పుల్లేకుండా చెప్పాలయ్యా."

ఆవిడ నాకు నేర్పిన పాఠం అదొక్కటే. అంతకుమించి నేర్చుకునే తల నాకు లేదని ఆవిడ ఆ రోజే కనిపెట్టారనుకుంటాను. నన్ను బాగుచేసే ప్రయత్నం మాని, వాడుకోవడం మొదలుపెట్టారు. రోజూ పొద్దున్నే ఒక కాగితం వచ్చేది. అందులో బడికి రాని పిల్లల ఇళ్ళు రాసి ఉండేవి. నేను ఆ ఇంటి ముందు సైకిలు ఆపి, మైకులో మర్యాదగా పరామర్శించేవాణ్ణి: ఈ ఇంటి చిన్నమ్మాయిగారు రెండు రోజులుగా బడికి వేంచేయలేదు, ఒంట్లో కులాసాయేనా, టీచరమ్మగారు కనుక్కోమన్నారు. మూడో ముక్క పూర్తయ్యేలోగా తల్లి ఆ పిల్ల జుట్టు దువ్వుతూనే బయటికి తరిమేది. ఒకాయన నన్ను చీపురుతో కొట్టడానికి వచ్చాడు. వచ్చేటప్పుడు కొడుకుని కూడా ఇంకో చేత్తో పట్టుకుని వచ్చాడు, బడికి దింపుదామని.

అలా నవ్వుతూ నడుస్తున్న బడికి ఒక ఏడు గండం వచ్చింది. రెండో మాస్టారికి బదిలీ అయింది. ఆయన చోటులోకి ఎవరూ రాలేదు. అదే ఏడు టౌను నుంచి ఇంగ్లీషు బడి పసుపు వ్యాను మా ఊరి మలుపులో హారను కొట్టడం మొదలుపెట్టింది. ఉన్న కుటుంబాలవాళ్ళు ఒక్కొక్కరే పిల్లల్ని ఎక్కించారు. ఒక్క టీచరు అయిదు తరగతులు ఎట్లా చెబుతుంది అన్నది వాళ్ళ మాట. అబద్ధం కాదు. పిల్లలు ఇంకా తగ్గితే మా బడి మూసి కాలవ అవతలి ఊరి బడిలో కలిపేస్తారని మండలం నుంచి కబురు వచ్చింది. కాలవ దాటి ఆడపిల్లల్ని ఎవరు పంపుతారు? పత్తి ఏరడానికి పంపుతారు.

అప్పుడు ఊరి చివర కూలీలుండే మా పాలెం అమ్మాయి ఒకతె, చీరాలలో డిగ్రీ చదివి వచ్చినది, జీతం లేకుండానే రెండు తరగతులు పట్టింది. పిల్లలు ఆమెని చిన్న టీచరు అనేవాళ్ళు. మూడు నెలలు చెప్పింది. అంతలో చీరాలలో ఒక బట్టల కొట్టులో పని దొరికింది, నెల ముగిసేలోగా చేరాలి. ఇంట్లో పరిస్థితి చేరకుండా ఉండేది కాదు. టీచరమ్మగారు తన జీతంలోంచి కొంత ఇస్తారేమోనని నేను అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "నేనిస్తే అది జాలి అవుతుంది. ఊరిస్తే జీతం అవుతుంది. ఆ అమ్మాయికి కావలసింది జీతం," అన్నారు.

ఒక ఆదివారం, చీరాలలో తన చర్చి ప్రార్థన అయిపోయాక, సెలవు రోజున పనిగట్టుకుని బస్సెక్కి వచ్చి పంచాయతీ ఆఫీసులో ఊరిని కూర్చోబెట్టారు. ఇంటి పన్నుతో పాటు ఇంటికి ఇంత అని బడి పన్ను వేసుకుందాం, పంచాయతీ తీర్మానం చేస్తే చాలు, రెండో టీచరుకి జీతం వస్తుంది అని చెప్పారు. కాగితం మీద చక్కగా రాసుకొచ్చారు కూడా. పన్ను అన్న మాట వినగానే ఊరు గొడుగు విప్పినట్టు ఒక్కసారి లేచింది. ఆ ఏడు పత్తిని పచ్చపురుగు తినేసింది. ఇంటి పన్నే పంపు కోస్తామని బెదిరిస్తే గాని కట్టని ఊరు మాది. పన్నేంది, బడి సర్కారుది కాదా, సర్కారు జీతమివ్వదా అని తలా ఒక మాట. ఊళ్ళో పెద్ద రైతు ఒకాయన ఉన్నాడు, నలభై ఎకరాల ఆసామి. ఆయన మాత్రం అరవకుండా మెల్లిగా అడిగాడు.

"మా పిల్లలు వ్యానులో పోతున్నారు టీచరుగారూ. వ్యానుకీ మేమే కట్టి, బడికీ మేమే కట్టాలా?"

"మీ చేను కాలవ మొదట్లోనే ఉంది కదండీ?" అన్నారు టీచరమ్మగారు.

"ఉంది."

"ఏటా పూడిక తీతకి మీ ఇంటి నుంచి మనిషి వస్తాడు కదా. మొదటి చేనుకి పూడికతో పనేముంది? నీళ్ళు ఎట్లాగూ మీకు పారతాయి."

"మేం తీయకపోతే చివరి చేలకి అందొద్దూ?"

"బడి కూడా అంతేనండీ," అన్నారు ఆవిడ.

ఆయన తల ఊపాడు. అందరూ తల ఊపారు. మా ఊళ్ళో తల ఊపడానికి పన్ను లేదు. తీర్మానం పుస్తకం మాత్రం ఎవరూ తెరవలేదు. సర్పంచిగారు, ఆలోచిద్దాం టీచరుగారూ, ఈ ఏడు గడవనివ్వండి అన్నాడు. ఆలోచిద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. మా వీధి కల్వర్టు గురించి పదకొండేళ్ళుగా ఆలోచిస్తున్నారు. కిటికీ బయట చిన్న టీచరు నిలబడి వింటోంది. టీచరమ్మగారు కాగితం నాలుగు మడతలు పెట్టి, గొడుగు తీసుకుని లేచారు. అందరికీ నమస్కారం పెట్టారు. ఆవిడ గొడుగు చంకలో కాకుండా చేతిలో, నేలకి ఆనించి పట్టుకోవడం అదే మొదటిసారి చూడటం నేను.

అప్పుడు నేను లేచాను.

"కొత్త పన్నంటారేమిటి మీరంతా? పాతదే కదా. మనం మానేశాం అంతే. మా తాత చెప్పేవాడు. ఆయన రోజుల్లో కల్లంలో కాయలు ఎండాక, టిక్కీ బస్తాలకి ఎత్తేముందు, మొదటి దోసెడు బడికి తీసి పక్కన పెట్టేవాళ్ళంట. వడ్రంగి మేర, కుమ్మరి మేర ఉన్నట్టే బడి మేర."

పంట ఇంకా కల్లంలో ఉండగానే ఊరికి పనిచేసేవాళ్ళ వాటా తీసిపెట్టడాన్ని మావైపు మేర అంటారు. ఆ మాట వినగానే సందడి తగ్గింది. సిమెంటు బెంచీ మీద నాకు వరసకి పెద్దనాయన ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటాయి, తనకి కావలసినవి తప్ప మిగతావి వినపడవు. ఇది వినపడింది.

"దోసెడేందిరా?" అన్నాడు. "మీ తాత చెయ్యి చిన్నది. అందుకని దోసెడు. మేమంతా చేటెడు పెట్టేవాళ్ళం."

ఆయన అంత మాట అన్నాక మిగతా ముసలాళ్ళు ఊరుకుంటారా? చేటకి పసుపు రాసేవాళ్ళని ఒకాయనకి గుర్తొచ్చింది. పంతులుగారు స్వయంగా కల్లానికి వచ్చి కాయ చేత్తో పట్టి చూసేవాడని ఇంకొకాయనకి గుర్తొచ్చింది. చూస్తుండగానే ఆచారానికి మీసాలూ గడ్డాలూ వచ్చాయి. ఎందుకివ్వాలి అన్న మాట ఎక్కడ పడిపోయిందో, ఎంతివ్వాలి, ఎప్పుడివ్వాలి అన్న దగ్గరికి వచ్చేశారు. ఆచారమైతే తీర్మానం దేనికి, మానితే తప్పు గాని అన్నాడు సర్పంచి. పెద్ద రైతు మా పెద్దనాయనవైపు వంగి, చెవి దగ్గర అడిగాడు.

"మా నాయన కూడా పెట్టేవాడా?"

"మీ నాయన రెండు చేటలు పెట్టేవాడు," అన్నాడు పెద్దనాయన.

పన్ను అంటే లేచిన ఊరు మేర అంటే కూర్చుంది. టీచరమ్మగారు నెత్తిమీది కళ్ళజోడు కిందికి దించుకుని నన్ను చాలాసేపు చూశారు. పలక చూసినట్టు చూశారు. చివరికి "మీ తాతగారిది మంచి చెయ్యి," అని మాత్రం అన్నారు. గొడుగు చంకలో పెట్టుకుని బస్సుకి పోయారు. చిన్న టీచరు బట్టల కొట్టుకి పోలేదు.

ఆ వేసవి ఎంత సరదాగా గడిచిందో చెప్పలేను. మాఘం దాటితే మా ఊరి చుట్టూ కల్లాలన్నీ ఎర్రగా పరుచుకుంటాయి. నేను మైకు కట్టుకుని, వెనక ట్రక్కు ఆటోలో గోతాలు వేసుకుని, కల్లం కల్లానికి తిరిగాను. మొదటి చేట బడికి, రెండో చేట మీకు, మొదటి చేట మరిచినవాళ్ళ కాయకి ధర పలకదు, ఇది నా మాట కాదు పెద్దల మాట అని చాటేవాణ్ణి. గోతాలన్నీ బడి వరండాలో పెట్టేసరికి పిల్లలు తుమ్మడం మొదలుపెట్టారు. టీచరమ్మగారు పైటకొంగు ముక్కుకి చుట్టుకుని కూర్చుని, ఒకటో తరగతికి ఆ తుమ్ములతోనే లెక్కలు చెప్పారు. ఈ వరసలో నాలుగు తుమ్ములు, ఆ వరసలో మూడు, మొత్తం ఎన్ని? ఏడు అని చెప్పేలోగా ఎనిమిదోది వచ్చేది. కాయ గుంటూరు యార్డుకి పోయి, అమ్ముడై, చిన్న టీచరు జీతమై తిరిగి వచ్చింది. ఆ జీతం కవరు టీచరమ్మగారు తన చేత్తో ఇవ్వలేదు. నెలకొక ఇంటి పెద్దని పిలిచి ఇప్పించేవారు. మా పెద్దనాయన వంతు వచ్చిన నెల ఆయన తెల్ల పంచె కట్టుకుని వచ్చాడు.

పెద్ద రైతు మాట తప్పలేదు, రెండు చేటలే పంపాడు. కాకపోతే తాలు కాయలు. రంగు పోయి తెల్లబడి, ఘాటు చచ్చిన కాయలు, పారేస్తే దిష్టికి కూడా పనికిరానివి. నేను మైకు తీసుకుని ఆయన ఇంటి ముందుకి బయల్దేరాను. టీచరమ్మగారు ఆపారు. తెల్ల కాగితం మీద ఎర్ర సిరాతో పెద్ద సున్నా చుట్టి, కింద 'మళ్ళీ చేయవలెను' అని రాసి, ఆ గోతానికి పిన్ను పెట్టి, ఏ ఆటోలో వచ్చిందో అదే ఆటోలో తిప్పి పంపారు. ఊరంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడని చెబుతారు, నేను చూడలేదు. సాయంత్రానికి నిగనిగలాడే కాయలు మూడు చేటలు వచ్చాయి. ఆ కాగితం ఆయన బీరువాలో దాచుకున్నాడట. తర్వాత మనవణ్ణి ఇదే బళ్ళో చేర్చేటప్పుడు తెచ్చి చూపించి, నా హోంవర్కు దిద్దుకున్నాను టీచరుగారూ, వీడిదీ మీరే చూడాలి అన్నాడు.

ఇంకో సంగతి కూడా రాయాలి. అందులో నవ్వేమీ లేదు. పాలెంలో పత్తి ఏరే ముసలామె ఒకతె, ఏరుళ్ళు అయిపోయాక చేలల్లో మిగిలిన పరిగె పత్తి ఏరుకుని, ఒడిలో పెట్టుకుని బడికి వచ్చింది. మేరకి తెచ్చానంది. టీచరమ్మగారు వద్దన్నారు. మేర రైతులు పెట్టేదమ్మా, నువ్వు పెట్టకూడదు, ఇది నీకు పూట గడిచే పత్తి అన్నారు. ఆమె అక్కడే నిలబడింది.

"ఇన్నాళ్ళూ పుచ్చుకోటమే గదమ్మా మా వంతు," అంది. "పెట్టే రోజొకటి రావద్దా?"

టీచరమ్మగారు లేచి, తన పైటకొంగు రెండు చేతులా పట్టారు. ఆ ఒడిలోంచి ఈ కొంగులోకి పత్తి జారింది. పిడికెడు కూడా కింద పడలేదు. ఆ ఏడు మేరలో అన్నిటికన్నా తేలికైనది అదే. ఆవిడ మాత్రం దాన్ని ఆటోలో వేయనివ్వలేదు, తనే మోసుకెళ్ళి గోతంలో పెట్టారు.

వేసవిలో బడికి సున్నం వేయించాం. ఆ సున్నం ఆరగానే టీచరమ్మగారు చీరాల నుంచి ఒక రాష్ట్రం పటం తెచ్చి వరండాలో తలుపు పక్కన కొట్టించారు. ఎక్కడ? నడుము ఎత్తులో. పైన అంత గోడ ఖాళీగా ఉండగా, కింద. శ్రీకాకుళం వరకూ ఫరవాలేదు గాని చిత్తూరు చూడాలంటే నేలమీద పడుకోవాలండీ అన్నాను. వంగితే నీ నడుముకే మంచిది అన్నారు. తర్వాత ఏటా సున్నం వేసేటప్పుడు అంతా నన్ను వేయనిచ్చేవారు, ఆ మూల మాత్రం ఆవిడే బ్రష్షు తీసుకుని పటం చుట్టూ వేసుకునేవారు. పెద్దవాళ్ళకి ఒక్కో పిచ్చి ఉంటుంది కదా అని ఊరుకున్నాను.

ఏళ్ళు గడిచాయి. చిన్న టీచరు పరీక్ష రాసి సర్కారు టీచరైంది. వేరే ఊళ్ళో వేశారు. పోయే రోజు లడ్లు పంచుతూ ఏడ్చింది. మా బడికి రెండో పోస్టు తిరిగి వచ్చింది. మూడోది కూడా కావాలని మేర డబ్బుతో ఇంకో అమ్మాయిని పెట్టుకున్నాం. పసుపు వ్యాను మలుపులో హారను కొట్టి కొట్టి, ఎక్కేవాళ్ళు లేక రావడం మానేసింది. టీచరమ్మగారు రిటైరైన రోజు దండలు వేశాం, శాలువా కప్పాం. నేను మైకు పట్టుకుని చెత్త వాగుడు వాగాను. ఆవిడ నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వెళ్ళేముందు కొత్తగా వచ్చిన హెడ్మాస్టరుతో ఒకే ఒక్క మాట చెప్పారు. ఏం మార్చుకున్నా మార్చుకోండి, ఆ పటం మాత్రం తీయకండి.

పోయినేడు చీరాల వెళ్ళి చూశాను. పక్కింట్లో మగ్గాల చప్పుడు, ముందు గదిలో ఆవిడ. ఒక సంచీ కాయలు తీసుకెళ్ళాను. చేత్తో పట్టి చూసి, తాలు లేవు, పాసయ్యావు అన్నారు. మేర పెడుతున్నారా అని అడిగారు. పెడుతున్నారండి, ఇప్పుడు నేను చాటక్కర్లేదు, నేను పోయేసరికే చేట పక్కన పెట్టి ఉంటోంది, మొన్న పుట్టినవాళ్ళు కూడా అది తాతలనాటిది అంటున్నారు అని చెప్పాను. ఆవిడకి ఎంత నవ్వొచ్చిందో, దగ్గు వచ్చేదాకా నవ్వారు. ఒక సంగతి చెప్పాలండి, మా తాత గురించి అని నేను మొదలుపెట్టాను.

"తాతగారి జోలికి పోకు," అన్నారు. "ఆయన్ని అట్లాగే ఉండనీ."

మొన్న శనివారం రెండు ట్రాక్టర్ల మంది చీరాల వెళ్ళాం. సమాధి దగ్గర వాళ్ళవాళ్ళు పాట పాడారు. మావాళ్ళకి పాట రాదు గనక నిలబడ్డాం. చిన్న టీచరు తన బడి పిల్లల్ని తీసుకుని వచ్చింది. పెద్ద రైతు మనవడు దండతో పాటు ఒక చేటెడు కాయలు తెచ్చాడు, ఎవరు చెప్పారో తెలీదు.

ఆదివారం నేను బడికి పోయాను. ఎవరూ లేరు. పటం ముందు నిలబడ్డాను. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాని వెనకేముందో చూడలేదు. కింది కొస పట్టుకుని ఎత్తాను.

ఇక ఒప్పుకోవాలి. ఆ ఆదివారం పంచాయతీ ఆఫీసులో నేను చెప్పిన మాట మా తాత ఏనాడూ చెప్పలేదు. మా ఊళ్ళో ఏ కల్లంలోనూ బడికి దోసెడు గాని చేటెడు గాని ఎవరూ ఎప్పుడూ తీసి ఎరగరు. గొడుగు నేలకి ఆనడం చూసి నేను లేచి నిలబడ్డాక నా నాలిక మీద పుట్టిన ముక్క అది. చెప్పేటప్పుడు గొప్పగా చెప్పాననుకున్నాను. పటం వెనక బడి ప్రారంభోత్సవం రాయి ఉంది. ఎవరు ప్రారంభించారో, ఏ ఏడో చెక్కి ఉంది. ఆ రాయి పక్కనే కూర్చుని చదువుకున్నవాణ్ణి, ఒక్కసారీ దాన్ని చదివిన పాపాన పోలేదు. ఆ ఏటికి మా తాత పోయి రెండేళ్ళు. ఊళ్ళో బడే పుట్టకముందు పోయిన మనిషి బడికి దోసెడు కాయలు ఎక్కణ్ణించి తీస్తాడు? దానికి ఇటుకలు మోసిన మా పెద్దనాయనకి ఆ సంగతి తెలీదా? చేటెడు అన్నాడు మహానుభావుడు.

రాయి మీద ఆ ఏడు చుట్టూ ఎర్ర సుద్దతో ఒక సున్నా ఉంది. వెలిసిపోయి గులాబీ రంగుకి తిరిగింది గాని, గుండ్రం చెడలేదు. అబద్ధమైనా తప్పుల్లేకుండా చెప్పాలన్న మనిషి, నా తప్పు ఎక్కడుందో చుట్టి చూపించారు. ఎవరూ దాన్ని దిద్దకుండా పైన పటం కప్పారు.

బయట కల్లాల్లో కాయలు ఎండుతున్నాయి. నేను చెయ్యి తీశాను. పటం వచ్చి గోడకి తగిలింది. కింది కొస, చిత్తూరు దగ్గర, గాలికి కాసేపు కొట్టుకుని ఆగింది.